స్కాన్ బాగుంది, మరి తల ఎందుకు తిరుగుతోంది?

సెంట్రింగ్ చెక్క తలకు తగిలిన కూలీలు నెల తర్వాత కూడా మా దగ్గరకు వస్తుంటారు. తలనొప్పి, కళ్ళు తిరగడం, మతిమరుపు, చప్పుడు పడకపోవడం, ఊరికే కోపం. "స్కాన్‌లో ఏమీ లేదటగా, పని ఎగ్గొట్టడానికి వంక అంటున్నారు సిస్టరమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. స్కాన్‌లో రక్తం కారడం, ఎముక విరగడం కనిపిస్తాయి. మెదడు అదిరిన సంగతి సాధారణంగా కనిపించదు. ఆ బాధ నిజమేనని ఇంటివారికి మేము ముందు చెబుతాము.

విశ్రాంతి మొదటి 1, 2 రోజులు చాలు. వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టకండి. మెల్లగా నడిపించండి, బాధ పెరిగితే కాస్త తగ్గించండి. చాలామందికి 3 నెలల లోపు నయమవుతుంది. కళ్ళు తిరిగినంతకాలం నిచ్చెన ఎక్కడం, బండి నడపడం వద్దు. కింద ఇసుక జల్లించే పని, అదీ ఒంటిపూట, ఇమ్మని మేస్త్రీని అడగండి. నొప్పి మాత్రలు రోజూ మింగితే వాటివల్లే తలనొప్పి పట్టుకుంటుంది. మందు సంగతి వేరే చెప్పాలా! తలనొప్పి అంతకంతకూ పెరిగినా, వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఒక పక్క చెయ్యి కాలు స్వాధీనం తప్పినా అర్ధరాత్రయినా సరే తీసుకురండి.