ప్రోగ్రాముకూ ఒక చిట్టా!

గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషను కొట్లలో తరతరాలుగా వాడుతున్న చిట్టాను మీరెప్పుడైనా చూశారా? ఏనాటి లెక్క ఆనాడే, జరిగిన వరుసలోనే రాస్తారు. ఎక్కడైనా తప్పు పడితే కాగితం చించరు, అంకె చెరిపివేయరు. సవరణను మరో పద్దుగా రాస్తారు. అందుకే ఆరు నెలల తరువాత రైతు వచ్చి అడిగినా, ఏ రోజు ఎన్ని టిక్కీలు తూగాయో చూపించవచ్చు.

కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారికి కూడా ఇటువంటి చిట్టా ఒకటుంది. దాని పేరు వెర్షన్ కంట్రోల్. మనం 'మార్పుల చిట్టా' అని పిలుచుకుందాం. దాని అవసరం ఎందుకొచ్చిందో, అది ఎలా పనిచేస్తుందో చూద్దాం.

చిక్కు ఎక్కడ?

మిర్చి రైతుకు రావలసిన సొమ్ము లెక్కకట్టే ప్రోగ్రామును ముగ్గురు కలిసి రాస్తున్నారనుకోండి. మీరు గుంటూరులో, ఒక అమ్మాయి పర్చూరులో, ఒక అబ్బాయి ఒంగోలులో ఉన్నారు. సరుకు 20 టిక్కీలు, టిక్కీకి 45 కిలోలు. మొత్తం 900 కిలోలు. క్వింటా ధర 12,000 రూపాయలనుకుంటే 1,08,000 రూపాయలు రావాలి. కాని గోతాల బరువు తీసివేయాలి కదా! గోతానికి కిలో చొప్పున తీస్తే మిగిలేది 880 కిలోలు, అంటే 1,05,600 రూపాయలు. ప్రోగ్రాములో ఒక్క వాక్యం లేకపోతే 2,400 రూపాయల తేడా వచ్చిందన్నమాట!

ఒంగోలు అబ్బాయి ఆ వాక్యం చేర్చి మీకు పంపాడు. మర్నాడు పర్చూరు అమ్మాయి తన దగ్గరున్న పాత నకలులో ఇంకేదో దిద్ది పంపింది. మీరు దాన్ని మొదటిదాని మీద పెట్టేశారు. గోతాల వాక్యం మాయం! 'లెక్క', 'కొత్త లెక్క', 'చివరి లెక్క', 'అసలైన చివరి లెక్క' అని నాలుగు నకళ్ళు దాచుకున్నా, వాటిలో ఏది సరైనదో ఎవరికీ తెలియదు. ఆ తప్పు లెక్కను నమ్మి కొట్లో నిలదీసిన రైతు మాత్రం నవ్వులపాలవుతాడు.

ఒక గురువు, ఇద్దరు శిష్యులు

ఈ చిక్కు పాతదే. 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో మార్క్ రాచ్‌కైండ్ అనే ఆయన మార్పులను దాచే సాధనం ఒకటి తయారుచేశారు. 1982లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టికీ మరొకటి రూపొందించారు. అందులో తాజా ప్రతిని పూర్తిగా ఉంచి, పాతవాటికి తేడాలను మాత్రమే దాచేవారు. దానివల్ల చోటు ఆదా అయ్యేది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడు తన ఇద్దరు విద్యార్థులతో కలిసి ఒకే ప్రోగ్రాము మీద పనిచేసేవారు. ముగ్గురి పని వేళలూ వేరు. ఒకరి కోసం ఒకరు ఆగకుండా పని సాగేందుకు ఆయన 1986లో సీవీఎస్ అనే సాధనాన్ని వెలువరించారు. మన ముగ్గురు మిత్రుల చిక్కూ ఇదే కదూ!

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది గిట్. లినక్స్ నిర్మాత లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని 2005 ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. అంతవరకు లినక్స్ బృందం వాడుతున్న సాధనాన్ని ఉచితంగా వాడుకునే వీలు పోవడమే అందుకు కారణం. కొద్ది రోజుల్లోనే గిట్ తన సొంత మార్పులను తానే దాచుకునే స్థితికి వచ్చింది!

పద్దు ఎలా పడుతుంది?

గిట్‌లో ఒక్కొక్క పద్దును కమిట్ అంటారు. ఆ క్షణాన ప్రోగ్రాము ఎలా ఉన్నదీ, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు అన్నదీ అందులో ఉంటాయి. ప్రతి పద్దుకూ ఒక గుర్తు ఉంటుంది. దాన్ని లోపలి సమాచారం నుంచే లెక్కకడతారు. ఇది సాధారణంగా 40 అక్షరాల పొడవుంటుంది. ఒక్క చుక్క మారినా గుర్తు మారిపోతుంది కనుక పాత పద్దును దొంగచాటుగా దిద్దడం కుదరదు.

ఇంకో విశేషం ఉంది. చిట్టా ఒక్కచోటే ఉండదు. మీ ముగ్గురి దగ్గరా మొత్తం చిట్టా ఉంటుంది. ఒక కంప్యూటరు పాడైనా చరిత్ర పోదు.

కొమ్మలు

గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రం నుంచి ఎల్‌సీఏ 334 వంటి మిరప రకాలు వచ్చాయి. కొత్త రకాన్ని శాస్త్రజ్ఞులు తిన్నగా రైతు పొలంలో వేయరు. ముందు ప్రయోగపు మడిలో పెంచి చూస్తారు. గిట్‌లో ఆ మడి వంటిదాన్ని బ్రాంచ్, అంటే కొమ్మ, అంటారు. కొత్త ఆలోచనను కొమ్మ మీద పరీక్షించి, బాగుంటేనే అసలు ప్రోగ్రాములో కలుపుతారు. బాగుండకపోతే వదిలేస్తారు. అసలుదానికి హాని లేదు.

కలపడమెలా?

గిట్ మూడు ప్రతులను పోలుస్తుంది: ఇద్దరూ విడిపోకముందున్న ప్రతి, ఇద్దరి కొత్త ప్రతులు. ఆమె 5వ వరుస, అతడు 20వ వరుస మార్చితే రెండు మార్పులనూ తీసుకుంటుంది.

మరి ఒకే వరుసను ఇద్దరూ మార్చితే? ఆమె గోతం బరువు అర కిలో అని రాసింది. అతడు కిలోన్నర అని రాశాడు. ఆమె లెక్కకు 1,06,800 రూపాయలు, అతడి లెక్కకు 1,04,400. గిట్ ఇక్కడ ఆగిపోతుంది! రెండు వరుసలనూ గుర్తుల మధ్య చూపి, తేల్చే పని మీకే వదులుతుంది. దీన్ని కాన్‌ఫ్లిక్ట్ అంటారు. ఇది యంత్రం చెడిపోవడం కాదు సుమా! యంత్రానికి మిరపకాయలూ తెలియవు, గోతాలూ తెలియవు. ఎవరు గట్టిగా వాదించారన్నది కూడా ఇక్కడ అక్కరలేదు. ఖాళీ గోతాన్ని కాటా మీద పెట్టి తూచండి. వచ్చిన బరువు రాసి, 'గోతం తూచి సరిచేశాం' అని పద్దు వేయండి.

మీరూ చేసి చూడండి

పది వరుసల పేరా ఒకటి రాసి ముగ్గురూ తలా ఒక నకలు తీసుకోండి. ఎవరికి వారు రెండేసి వరుసలు మార్చి, పక్కన కారణం రాయండి. తరువాత మొదటి ప్రతిని మధ్యన పెట్టుకుని మూడింటినీ ఒకటిగా కలపండి. ఏ వరుసలు సులభంగా కలిశాయి? ఎక్కడ మాట్లాడుకోవలసి వచ్చింది?

బడిలో కంప్యూటరు ఉంటే ఈ ఆజ్ఞలను ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టి చూడండి. 'గిట్ ఇనిట్' చిట్టా తెరుస్తుంది. 'గిట్ యాడ్' తరువాత ఫైలు పేరు రాస్తే, ఆ ఫైలును పద్దుకు సిద్ధం చేస్తుంది. 'గిట్ కమిట్' పద్దు వేస్తుంది. 'గిట్ లాగ్' పాత పద్దులు చదివి చూపుతుంది. 'గిట్ డిఫ్' తేడా చూపుతుంది. రహస్య సంకేతపదాలు మాత్రం ఎప్పుడూ ఎక్కించకండి. తరువాత తీసేసినా పాత పద్దుల్లో అవి ఉండిపోతాయి!

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసమైనా తెరిచి 'చరిత్ర' నొక్కండి. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో వరుసగా కనిపిస్తుంది. మీ ఊరి పేరుతో వ్యాసం ఉందేమో వెతకండి. దాని మొదటి రూపానికీ, నేటి రూపానికీ ఎంత తేడా ఉందో మీరే కనిపెట్టండి.