సముద్రగర్భమున దీపధారి

ప్రొద్దు గ్రుంకగానే ఇంట దీపము పెట్టుట మన గృహిణులకు నిత్యకృత్యము. దీపము వెలిగినతోడనే పసివాండ్ర భయము తీరును. అయితే, దీపము వెలిగినంతనే చెంతనున్న ప్రాణులకు మృత్యువు సమీపించుచోటు గూడ నొకటి కలదు. అది మహాసముద్రపు లోతు. అచ్చట దీపమును చేతబట్టి వేటాడు నొక వింతప్రాణిని గూర్చి సోదరీమణులకు నేడు తెలుపుచున్నాము.

దీని పేరు తానింగియా డానే. ఇది స్క్విడ్డుల జాతిలోనిది. మెత్తని దేహము, పెద్ద కన్నులు, చిలుకముక్కువంటి నోరు, తలచుట్టు ఎనిమిది చేతులు గలది. తక్కిన స్క్విడ్డులకు ఎరను పట్టుటకై తీగలవంటి మఱి రెండు పొడవైన చేతులుండును. దీనికి పెరిగినకొలది అవి నశించును. ఆ కొఱతను తీర్చుటకో యనునట్లు చేతులపై పిల్లిగోళ్లవంటి కొక్కెములు వరుసగా నున్నవి. ఇది ఏడడుగులకు మించిన పొడవును, 160 కిలోగ్రాములకు మించిన బరువును పొందగలదు.

రెండు చేతుల కొనలయందు పెద్ద నిమ్మపండంతేసి వెలుగుగడ్డలు గలవు. ఇంతకంటె పెద్ద వెలుగుగడ్డలు గల ప్రాణి మఱియొకటి యున్నట్లు తెలియరాలేదు. మిణుగురు వెలుగువలె ఇదియు వేడిలేని వెలుగు. వానిపై కనురెప్పవంటి పొర యొకటి యుండును. తెఱచిన వెలుగు, మూసిన చీకటి.

1931వ సంవత్సరమున జూబేన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని లోకమునకు తెలిపెను. అటుపిమ్మట చాలకాలమువఱకు దీని జీవితమును బ్రతికియుండగా చూచుట దుర్లభమయ్యెను. ఇది తిమింగిలములకు ప్రియమైన ఆహారము. వాని కడుపున జీర్ణముగాక మిగిలిన ముక్కులును దీని ఉనికిని చాటుచుండెను.

2005లో జపానునకు చెందిన ఒగసవారా దీవులచెంత కుబొదేరా అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఎరను, చలనచిత్రయంత్రమును సముద్రములోనికి దింపి దీని వేటను చిత్రించిరి. 240 మొదలు 940 మీటర్ల లోతువఱకు ఇది కనబడెను. సోమరిగా తేలునదని యూహింపబడిన యీ ప్రాణి, విశాలమైన రెక్కల నాడించుచు సెకండునకు రెండు మీటర్లకు మించిన వేగముతో ఎరపైబడెను. పట్టుటకు ముందు ఒకటిన్నర సెకండుకాలము తళుక్కున మెఱసెను. ఎర కన్నులు చెదరగొట్టుటకో, దూరమును కొలుచుకొనుటకో ఇట్లు చేయునని పరిశోధకులు తలంచిరి.

అంతకంటె వింత యొకటి కలదు. ఎరచెంత కట్టిన దీపములను చూచి ఇది వానిచుట్టు తిరుగుచు, ఒకసారి కొంచెముగను, ఒకసారి దీర్ఘముగను వెలుగుచూపెను. తనజాతివారితో సంభాషించుటయో, జతను పిలుచుటయో కావచ్చునని వారు భావించిరి.

ఈ యూహలు నిజమైనచో జతను పిలుచునదియు, ఎరను చంపునదియు నొకే దీపము. మన గుమ్మమునందలి దీపమును చూచి ఇల్లు చేరువారికి సందేహము లేదు. ఆ చీకటికడలిలో వెలుగును చూచిన చేపకు మాత్రము అది పిలుపో, మృత్యువో తెలియులోపుననే ఒకటిన్నర సెకండు గడచిపోవును.