బురద దాచిన ఊరు

ఒడ్డున వదిలేసిన పాత పడవ చెక్కను ఎప్పుడైనా చేత్తో తాకి చూశారా? వానకు నాని, ఎండకు ఎండి, కొన్నేళ్ళకే పొడిపొడిగా రాలిపోతుంది. మరి వందల ఏళ్ళనాటి చెక్కపెట్టెలు, బుట్టలు, తాళ్ళు, గాలాలు చెక్కుచెదరకుండా దొరికాయంటే నమ్ముతారా?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, పసిఫిక్ సముద్రపు ఒడ్డున ఓజెట్ అనే ఊరు ఉండేది. అది మకా అనే ఆదివాసుల ఊరు. వీరు సముద్రాన్ని నమ్ముకుని బతికినవారు. సెడార్ మానును తొలిచి చేసిన పడవలో ఎనిమిదిమంది ఎక్కి తిమింగలం వేటకు వెళ్ళేవారు. ఈటె దిగిన తిమింగలం లోతుకు పోకుండా, ఈటె తాడుకు గాలి ఊదిన సీల్ చర్మపు తిత్తులు కట్టేవారు. చచ్చిన తిమింగలం నోట్లోకి నీరు చేరితే అది మునిగిపోతుంది కదా! అందుకని ఒకడు ఆ చన్నీళ్ళలోకి దూకి దాని నోరు కుట్టేసేవాడు. ఎంత గుండెధైర్యం కావాలో చూడండి!

కొన్ని వందల ఏళ్ళ క్రితం కొండచరియ విరిగి ఓజెట్ మీద పడింది. కొన్ని ఇళ్ళు సామానుతో సహా బురదలో కూరుకుపోయాయి. చెక్కను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ కావాలి. తడిబురదలోకి గాలి చొరబడదు. అందువల్ల చెక్క చెక్కగానే మిగిలిపోయింది.

1970 మొదట్లో తుపాను అలలు ఒడ్డును కోసేశాయి. లోపలి వస్తువులు బయటపడ్డాయి. అటుగా వచ్చిన వాళ్ళు వాటిని పట్టుకుపోసాగారు. ఈ సంగతి మకా పెద్ద ఎడ్వర్డ్ క్లాప్లన్‌హుకు తెలిసింది. ఆయన వెంటనే వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలోని పురాతత్వ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ డాహర్టీకి కబురుచేశారు. శాస్త్రజ్ఞుణ్ణి పిలిచినది ఆ వస్తువుల వారసులేనన్నమాట! దొరికినదేదీ తమ నేల దాటి పోకూడదని మకాలు పట్టుబట్టారు. శాస్త్రజ్ఞులు ఒప్పుకున్నారు.

ఇక త్రవ్వకం. గునపం, పార పనికిరావు. నీటితో మెత్తబడిన చెక్క తెగిపోతుంది. అందుకని సముద్రపు నీటిని పంపులతో తోడి, గొట్టాలతో చిమ్ముతూ బురదను కడిగేశారు. బయటికి తీశాక మరో చిక్కు. చెక్క కణాలలోని నీరు ఆరిపోతే అది ముడుచుకుని పగుళ్ళిస్తుంది. కాబట్టి పాలిఎథిలిన్ గ్లైకాల్ అనే మైనంలాంటి పదార్థపు ద్రావణంలో నానబెట్టారు. అది మెల్లగా చెక్కలోకి ఇంకి, నీటి స్థానంలో నిలిచిపోతుంది.

ఈ పని పదకొండేళ్ళు సాగింది. 55,000కు పైగా వస్తువులు దొరికాయి. కుక్కబొచ్చుతో నేసిన కంబళి కూడా ఉంది! తిమింగలం వీపు రెక్క ఆకారంలో చెక్కి, 700కు పైగా సముద్రపు నీటికుక్క పళ్ళు పొదిగిన సెడార్ శిల్పం ఒకటుంది.

అయితే వస్తువు చేతికి దొరకగానే అది దేనికో తెలిసిపోదు. కొన్నింటిని చూసి శాస్త్రజ్ఞులు తెల్లమొహం వేస్తే, ముసలివాళ్ళు ఇది ఫలానా పనికని చెప్పేవారు. చిన్ననాడు తాతల చేతుల్లో చూసినవే మరి! మకా యువకులు కూడా బురద కడిగారు, వస్తువులు శుభ్రంచేశారు.

1979లో మకాల ఊరు నియా బేలో వారి సొంత మ్యూజియం తెరిచారు. అక్కడి సామాను గదిలో ఒక విశేషముంది. ఏ వస్తువు పక్కన ఏది ఉండాలో మకా భాషలో వాటి పేర్లనుబట్టి నిర్ణయించారు. ఆ భాషను బడిపిల్లలకు నేర్పే పని కూడా ఆ మ్యూజియమే చూస్తోంది.