బొడోని అక్షరశిల్పం

ఇటలీదేశమందలి సలూట్సో పట్టణంలో 1740లో ఒక ముద్రాపకుని ఇంట జన్మించిన జాంబతిస్తా బొడోని, 1768లో పార్మా ప్రభువుల ముద్రణాలయానికి అధిపతి అయినాడు. ఆయన రూపొందించిన రోమన్ అక్షరాలలో కొన్ని గీతలు స్తంభాలవలె దళసరిగాను, కొన్ని వెంట్రుకలవలె సన్నగాను ఉన్నవి. ఆ వ్యత్యాసమే వాటి సొగసు.

అయితే ఆ సొగసును నిలుపుట సులభం కాదు. సిరా మించితే సన్నగీత అలుక్కుపోతుంది, చాలకపోతే తెగిపోతుంది. నున్నని కాగితం, మేలైన సిరా, చుట్టూ విశాలమైన అంచు సమకూడినప్పుడే అక్షరం ప్రకాశిస్తుంది. అందుచేతనే అది శీర్షికలకు తగినంతగా సన్నని పాఠానికి తగదు.

తన అక్షరాలనన్నిటినీ ఒక గ్రంథంగా కూర్చవలెనని బొడోని చిరకాలం శ్రమించినాడు. 1813లో ఆయన మరణించునాటికి ఆ పని ముగియలేదు. భార్య మార్గెరీటా దానిని విడిచిపెట్టలేదు. అయిదేండ్లకు, 1818లో, 'మాన్యువాలె తిపోగ్రాఫికో' అను పేర రెండు సంపుటాలుగా వెలువరించినది.

నేడు పత్రికల శీర్షికలలోను, వ్యాపారచిహ్నాలలోను కనిపించే ఎన్నో అక్షరాలకు బొడోని పేరే నిలిచినది. ఆ పేరు చదివిన విద్యార్థులు మార్గెరీటాను కూడ స్మరించుట న్యాయం.