బాలుర ఆరోగ్యశోధనకు సాధనము లెక్కడ నున్నవి?



మీ మనుమడు బడినుండి వచ్చి, ఊరి యారోగ్యమును గూర్చి యేదైన నొక విషయమును శోధించి వ్రాసికొని రమ్మనిరని చెప్పినచో మీ రేమి చేయుదురు? పలువురు అంగడినుండి రంగుల పటము నొకదానిని తెప్పించి యిత్తురు. వాడు దానిని అట్టకు అంటించి, క్రింద నాలుగు వాక్యములు నకలు వ్రాయును. నేనును ముప్పదియేండ్లు అట్టి యట్టలకు మార్కులు వేసితిని. తలచుకొన్నచో నేడు సిగ్గగుచున్నది. అది అతికింపే కాని శోధన కాదు.

నిజమైన సాధనములు మీ యొద్దనే యున్నవి. ఒక్క నిదర్శనము చూపెదను.

కొన్ని యూళ్ళలో బాలుర దంతములపై పసుపు, గోధుమవన్నె చారలుండును. ఎంత తోమినను అవి పోవు. త్రాగునీటిలో ఫ్లోరైడు మితిమీరుట దీనికి కారణము. అట్టి నీటిని పెక్కేండ్లు త్రాగినచో ఎముకలు, కీళ్ళు బిగిసి నడుము వంగును. అటుపిమ్మట దానిని సరిచేయు మందు లేదు. మనదేశమున మనుష్యులయందు ఈ వ్యాధిని మొదట వెల్లడించిన వ్యాసము 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్ అను పత్రికలో వెలువడెను. అది నాటి నెల్లూరు జిల్లాను గూర్చినదే. ఆ పత్రిక సంచికలను నేడు ఇంటర్నెట్టునందు ఉచితముగా చదువవచ్చును, ఆంగ్లోపాధ్యాయుడు తోడ్పడవలయును.

కాని బాలుడు ముందుగా చూడవలసినది ఇంటిలోని వారి పండ్లను. దంతములు దవడలో రూపొందుచుండు కాలముననే, అనగా సుమారు ఎనిమిదేండ్లలోపలనే, ఈ చారలకు బీజము పడును. పెద్దయైన పిమ్మట ఆ నీరు త్రాగినవారికి చారలు పడవు, ఎముకలకు మాత్రము ముప్పు తప్పదు. కావున పొరుగూరినుండి కోడలై వచ్చిన యామె పండ్లు తెల్లగా నుండి, ఇచ్చటనే పుట్టి పెరిగిన యామె బిడ్డ పండ్లు చారలుపడి యున్నచో, అనుమానము నీటిపైకి పోవలెను. పొగాకు గార వేరు. అది చుట్ట కాల్చువారికందరికిని తెలిసినదే!

ఇక మీ జ్ఞాపకము. ఏ బావి నెప్పుడు త్రవ్విరి, ఎప్పుడది యెండెను, ఏ యేట బోరు వేసిరి, ఏ వీథివారు ఏ నీరు త్రాగిరి — ఇవి యే గ్రంథమునను లేవు. రాతినేలలలో లోతుబోరు నీటియందు పలుచోట్ల ఫ్లోరైడు హెచ్చుగా నుండును గనుక ఈ సంగతులే శోధనకు ప్రాణము. ఆరోగ్య ఉపకేంద్రమందలి నర్సు నడిగినచో వ్యాధిలక్షణములను తెలుపును. గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలో నీటిని పరీక్షింతురు. ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము దాటరాదనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకొనవచ్చుననియు మన దేశపు ప్రమాణము. నీటిని కాచినంతమాత్రమున ఇది పోదు. నీరు ఇగిరినకొలది మరింత చిక్కబడును. పటికయు సున్నమును కలిపి దీనిని తగ్గించు విధానమును నాగపురమందలి జాతీయ పర్యావరణ ఇంజినీరింగు పరిశోధనసంస్థ వారు రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరు.

ఒక్క చిక్కు కలదు. ఇట్టివి బయటపడినచో ఊరికి అపకీర్తి వచ్చుననియు, పిల్లలకు సంబంధములు కుదురవనియు కొందరు పెద్దలు బాలుర నోరు మూయింతురు. వారి భయము నేనెరుగనిది కాదు. అందులకే బాలుడు తన పుస్తకమున ఎవరి పేరును వ్రాయరాదు. వయస్సు, పుట్టిన యూరు, త్రాగిన నీరు — ఇంతే చాలును. అడిగి, వారొప్పుకొన్న పిమ్మటనే చూడవలెను. కాని దాచినందున నీరు మారదు. నేడు పాలపండ్లతో నున్న పసివాండ్రకు రాబోవు పండ్లు లోపల తయారగుచునే యున్నవి.

నీటిని పంపునపుడు గాజుసీసా వలదు, ప్లాస్టిక్కు సీసా తీసికొనుడు. ఆ నీటితోనే రెండుమూడు మారులు తొలిచి నింపి, బావి పేరును తేదీని పైన వ్రాయింపుడు.