ఇంగ్లండులో వైద్య నిపుణుని వేతనము: ఒకే జీతము, రెండు జీవితములు

మన ఇండ్లలో వైద్య విద్య ప్రసక్తి వచ్చినప్పుడెల్ల ఇంగ్లండు పేరు వినబడుట పరిపాటి. హైదరాబాదు, కర్నూలు, గుంటూరు వైద్య కళాశాలలలో చదివినవారు ఆ దేశమునకు వెళ్ళి స్థిరపడుట నిన్న మొన్నటి మాట కాదు. అక్కడి జీతము వినగానే మనము చేయు మొదటి పని, దానిని రూపాయలలోనికి మార్చి గుణించుట. ఆ గుణకారమునే నమ్మి పొలము తాకట్టు పెట్టువారు, నగలు అమ్మువారు కలరు. కావున ఆ లెక్కలో నిజమెంతో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

బ్రిటనులో జాతీయ ఆరోగ్య సేవ 1948 జూలై 5న ప్రారంభమైనది. ప్రధానముగా ప్రజల పన్నులతో నడచు ఈ సంస్థలో, శిక్షణ ముగించుకొని ఒక శాఖలో పూర్తి బాధ్యత వహించు నిపుణుని కన్సల్టెంటు అందురు. 2025-26 సంవత్సరమునకు ఇంగ్లండులో కన్సల్టెంటు మూలవేతనము 1,09,725 పౌండ్లతో మొదలై 1,45,478 పౌండ్ల వరకు నిర్ణయింపబడినది. పౌండు విలువ నూరు రూపాయలు దాటియున్నది గనుక తొలి మెట్టు జీతమే ఏడాదికి కోటి రూపాయలకు పైబడును.

అయితే ఆ మొత్తమంతయు చేతికి రాదు. తొలి మెట్టు జీతమునే తీసికొందము. పింఛను నిధికి నూటికి 12.5 చొప్పున సుమారు 13,700 పౌండ్లు పోవును. మిగిలినదానిలో 12,570 పౌండ్లకు ఆదాయపు పన్ను లేదు; తరువాతి 37,700 పౌండ్లపై నూటికి 20, ఆపైన నూటికి 40 చొప్పున పన్ను సుమారు 25,800 పౌండ్లగును. జాతీయ బీమా చందా మరి 4,200. ఇవి పోగా మిగులునది ఇంచుమించు 66,000 పౌండ్లు, అనగా నెలకు 5,500. పింఛను సొమ్ము వృద్ధాప్యమున అక్కరకు వచ్చునే కాని నేటి అద్దెకు రాదు. అదనపు విధులకు లభించు సొమ్మును మేము ఈ లెక్కలో చేర్చలేదు.

ఇచ్చట ముఖ్యముగా గమనింపదగినది ఒకటి కలదు. ఈ వేతన శ్రేణి ఇంగ్లండు అంతటికిని ఒక్కటే. లండనులో పనిచేయు కన్సల్టెంటుకు అదనముగా లభించు భత్యము ఏడాదికి 2,162 పౌండ్లు మాత్రమే, నెలకు 180. కాని లండనులో సగటు ఇంటి అద్దె నెలకు 2,000 పౌండ్లు దాటినది. న్యూకాజిల్, సండర్లాండ్, మిడిల్స్‌బరో పట్టణములున్న ఈశాన్య ఇంగ్లండులో అది వేయి పౌండ్లకు లోపే. అద్దె కట్టిన పిదప లండను నిపుణునికి మిగులునది మూడున్నర వేలు. ఈశాన్యమున అదే నిపుణునికి నాలుగున్నర వేలకు పైమాట.

ఇల్లు కొనదలచినచో వ్యత్యాసము ఇంకను పెరుగును. అప్పిచ్చు సంస్థలు సాధారణముగా వార్షికాదాయమునకు నాలుగున్నర రెట్ల వరకు ఇచ్చును. అనగా సుమారు 4,93,000 పౌండ్లు. లండనులో ఇంటి సగటు ధర 5 లక్షలు దాటినది. కన్సల్టెంటు తన జీతముపై వచ్చు అప్పుతో మాత్రమే అట్టి ఇల్లు కొనజాలడు. ఈశాన్యమున సగటు ధర 2 లక్షలకు లోపు. రెండేండ్ల మూలవేతనము కన్న తక్కువ.

ప్రభుత్వ పాఠశాలలో చదువు, ఆసుపత్రిలో చికిత్స రెండుచోట్లను ఉచితమే. మరి నిపుణులందరును ఈశాన్యమునకే ఏల పోరు? భార్యకో భర్తకో తగిన ఉద్యోగము, చేరువలో బంధువులు, మన భాష మాట్లాడువారు, ప్రార్థనా స్థలము, మన వంటకు కావలసిన సరుకుల దుకాణము - ఇవియు త్రాసులో పడును. వీనికి వెల కట్టుట కష్టము, కాని ఇవి లేని లోటు ప్రతి సాయంకాలమును తెలియును.

ఆ జీతముతో అక్కడివారును తృప్తిపడియుండలేదు. ధరలతో సమానముగా జీతములు పెరుగలేదని ఇంగ్లండులోని కన్సల్టెంట్లు 2023 జూలైలో సమ్మె చేసిరి. 2024 ఏప్రిల్‌లో గాని ఒడంబడిక కుదరలేదు.

అన్నింటికన్న ముఖ్యమైన మాట: ఇక్కడినుండి వెళ్ళినవారు విమానము దిగగానే కన్సల్టెంట్లు కారు. అనేకులు ప్లాబ్ అను పరీక్ష నెగ్గి, వైద్య మండలిలో పేరు నమోదు చేసికొని, ఏండ్ల తరబడి క్రింది మెట్లలో పనిచేయవలసియున్నది. శిక్షణలో తొలి మెట్టు మూలవేతనము 2025-26లో 38,831 పౌండ్లు మాత్రమే. పరీక్ష నెగ్గియు ఉద్యోగము దొరకక, తెచ్చిన అప్పునకు వడ్డీ పెరుగుచుండ వేచియున్నవారును ఇటీవల కలరు.

విదేశమునకు వెళ్ళవద్దని చెప్పుట మా ఉద్దేశ్యము కాదు. వెళ్ళి గౌరవముగా జీవించుచు, తమ కుటుంబములను నిలబెట్టినవారు ఎందరో ఉన్నారు. అయితే విద్యార్థి సోదర సోదరీమణులు జీతమెంత అని అడిగి ఊరకుండక, చేతికి వచ్చునదెంత, ఇంటి ఖర్చు పోగా మిగులునదెంత, ఆ స్థానము చేరుటకు ఎన్ని ఏండ్లు పట్టును అనియు అడుగవలెను. హైదరాబాదులో ఉద్యోగమా, ఆదిలాబాదులోనా అని ఆలోచించునప్పుడును ఈ ప్రశ్నలే పనికివచ్చును. తండ్రి పొలము కాగితములు తాకట్టునకు పోకముందే వీనికి సమాధానము తెలిసికొనుట మేలు.