నాడికి నేత, నాళానికి సంకేతం

కేబుల్ తెగినప్పుడు కొత్త తీగ దొరకటం కన్నా, దానిని సరియైన చోటికి చేర్చటమే కష్టమని మాబోటి ఇంజనీర్లకు అనుభవమే. పక్షవాతానికి గురైన మెదడు ఎదుర్కొనే సమస్యా ఇదే.

మెదడులోని రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం పక్షవాతానికి ప్రధాన కారణం. పెద్ద నాళం మూసుకుపోయి చికిత్స అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో వెలువడిన ఒక అంచనా. పోయిన కణాలు తిరిగి రావు. అయితే దెబ్బతిన్న ప్రాంతపు అంచున బ్రతికిన నాడులు కొత్త కొమ్మలు వేస్తాయి, రక్తనాళాలూ చిగురిస్తాయి.

ఆ చిగుళ్ళకు దారి చూపేవి కొన్ని ప్రోటీన్లు. 1994లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కోడిపిండాల మెదళ్ళ నుండి ఒకదానిని వేరుచేసి, 'నెట్రిన్' అని పేరు పెట్టారు. నడిపించేవాడని అర్థమిచ్చే సంస్కృత పదమే దానికి మూలం; మన 'నేత' అక్కడి నుండి వచ్చినదే. మరొకటి 'సెమాఫోరిన్'. పాత రైల్వే స్టేషన్లలోని రెక్క సిగ్నల్ పేరే దానిది. అందులో '3ఎ' అనే రకం ప్రధానంగా 'ఆగు' అని చెబుతుంది.

నాడుల కొనలపైన, రక్తనాళాల గోడలపైన 'న్యూరోపిలిన్' అనే ఒకే గ్రాహకం ఉన్నదని 1998 నాటికి తేలింది. అంటే రెండు వ్యవస్థలూ ఒకే సంకేతభాషను చదువుతున్నాయన్న మాట. నాళం ముందు సాగి ప్రాణవాయువును అందిస్తే, నాడి నిలద్రొక్కుకుంటుంది.

పక్షవాతం తర్వాత గాయం చుట్టూ సెమాఫోరిన్ 3ఎ పెరిగి కొత్త కొమ్మలకు అడ్డు నిలుస్తుంది. ఎలుకలలో నెట్రిన్‌ను పెంచినప్పుడు కొత్త నాళాలు ఏర్పడి, కదలికలు మెరుగైనాయి. కానీ తొందరపడి నాళాలను పెంచితే అవి కారి, మెదడు వాస్తుంది. ఏ సంకేతం ఎప్పుడు ఇవ్వాలన్నదే చిక్కు. అందుచేత ఇవి ఇంకా రోగులకు మందుగా రాలేదు.

అంతవరకు మన చేతిలో ఉన్నవి రెండు. మూతి వంకరపోయినా, చేయి వాలినా, మాట తడబడినా పసరు వైద్యాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి; గడ్డను కరిగించే మందుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. రెండవది వ్యాయామ చికిత్స. మిగిలిన నాడీ మార్గాలు పదేపదే వాడుకతోనే బలపడతాయి. కనుక మంచానున్న మనిషిని చూచి 'ఇక ఇంతే' అనకండి. లోపల మరమ్మతు సాగుతూనే ఉంటుంది.